పదకొండు కిలోల అట్టపెట్టెలు: ఆగి కొనడం అలవాటు చేసుకున్న ఏడాది

2025 ఫిబ్రవరి 9, ఆదివారం. పాత పేపర్లు కొనే అతను విశాఖపట్నం మర్రిపాలెంలో మా వీధిలోకి వచ్చాడు. మా ఆవిడ మంచం కింద నుంచి, బాల్కనీ మూల నుంచి, బీరువా పైనుంచి అట్టపెట్టెలు తీసి గుమ్మంలో పడేసింది. అన్నీ ఆన్‌లైన్లో తెప్పించిన సామాన్ల పెట్టెలే. అతను వాటిని కాలితో తొక్కి, తాడుతో కట్టి, కాటాకి తగిలించాడు. పదకొండు కిలోలు. కిలో పది చొప్పున నూట పది రూపాయలు నా చేతిలో పెట్టి, "ఏటి బాబూ, షాపు గానీ పెట్టారేటి?" అన్నాడు.

నవ్వేశాను. కానీ ఆ మాట మధ్యాహ్నం భోజనం దగ్గర కూడా వదల్లేదు. రాత్రి పాప పడుకున్నాక పన్నెండు నెలల కార్డు స్టేట్‌మెంట్లు, బ్యాంకు పాస్‌బుక్కు ముందు పెట్టుకుని కూర్చున్నాను. నేను పోర్టు దగ్గర ఒక క్లియరింగ్ ఏజెంటు ఆఫీసులో అకౌంట్లు రాస్తాను. రోజంతా ఊళ్లోవాళ్ల లెక్కలు పైసాతో సహా సరిచూసే మనిషిని, నా లెక్క ఒక్కసారీ కూడలేదు. ఫోను ఈఎంఐతో కలిపి 1,87,460 రూపాయలు. నా జీతం 38 వేలు. అంటే దాదాపు అయిదు నెలల జీతం.

పోనీ ఏం కొన్నానయ్యా అంటే, మెడ కింద పెట్టుకునే దిండ్లు రెండు (అరకు రైలు ఒక్కసారి ఎక్కాం), నీళ్ల సీసాలు నాలుగు, మూడు రకాల హెడ్‌ఫోన్లు, గోడకి మేకు కొట్టనివ్వని ఓనరు ఇంట్లో అద్దెకుంటూ ఒక డ్రిల్లింగు మెషీను. దాని సీలు కూడా తీయలేదు.

మార్చి ఒకటి నుంచి ఒక పద్ధతి పెట్టుకున్నాను. పాలు, బియ్యం, మందులు, ఫీజులు, పెట్రోలు దీనిలోకి రావు. మిగతాది ఏదైనా 500 లోపు అయితే ఆగక్కర్లేదు. 500 దాటితే ఏడు రోజులు, రెండు వేలు దాటితే ముప్పై రోజులు, పది వేలు దాటితే తొంభై రోజులు ఆగాలి. కావాలనిపించిన రోజున తేదీ, ధర డైరీలో రాయాలి. గడువు అయ్యాక కూడా కావాలనిపిస్తే కొనొచ్చు.

మా ఆవిడకి చూపిస్తే చదివి నవ్వింది. ఆమె ఇంట్లోనే బట్టలు కుడుతుంది. చీర కావాలంటే ఆషాఢం డిస్కౌంట్ల దాకా ఆగుతుంది, పెద్ద సామాను కావాలంటే చీటీ వేస్తుంది. "మీరు డైరీలు పెట్టి చేస్తున్నది మేము పుట్టినప్పట్నుంచీ చేస్తున్నదే కదండీ. దీనికి పేరు కూడా ఉందా?" అంది. ఉందని చెప్పలేదు.

మొదటి వారం ఎలా ఉందో ఉన్నదున్నట్టు చెబుతాను. నాకు కష్టమైంది వస్తువు లేకపోవడం కాదు. రాత్రి పదకొండింటికి అందరూ పడుకున్నాక ఫోను పట్టుకుని ఆ బొమ్మలు చూడటం, ఆర్డరు పెట్టడం, ఎప్పుడొస్తుందో చూసుకోవడం, ఇదే నాకు రోజులో మిగిలిన ఒకే ఒక సరదా అని నాకప్పటిదాకా తెలీదు. అది ఆగిపోయేసరికి చేతులు ఊరుకోలేదు. సిగరెట్టు మానేసినవాళ్లు చెబుతుంటారే, అలాంటి చిరాకు. నాలుగో రోజు పాప హోంవర్కు దగ్గర అనవసరంగా అరిచాను. అయిదో రోజు రాత్రి లేచి ఫ్రిజ్ తలుపు తెరిచి నిలబడ్డాను. అందులో ఏమీ కొనలేం కదా.

యాప్‌లు తీసేస్తే సరిపోతుందనుకున్నాను. సరిపోలేదు. బ్రౌజర్లో అదే సైటు తెరుచుకుంటుంది, వాట్సాప్‌లో "మీ కార్ట్ మీకోసం ఎదురుచూస్తోంది" అని మెసేజీలు వస్తాయి. నిజంగా పనిచేసింది ఇంకోటి. సైట్లలో సేవ్ చేసి ఉన్న కార్డు వివరాలన్నీ తీసేశాను. తర్వాత ఏదైనా కొనాలంటే లేచి, హాల్లో చొక్కా జేబులో ఉన్న పర్సు తెచ్చుకుని, పదహారు అంకెలూ కొట్టాలి. పదిసార్లలో ఏడుసార్లు లేవడానికి బద్ధకించి పడుకున్నాను. నా బద్ధకం నాకు డబ్బు మిగల్చడం జీవితంలో అదే మొదటిసారి. యూపీఐ యాప్‌లో ఆటోపే అనే చోట వెతికితే నేను మర్చిపోయిన చందాలు మూడు దొరికాయి. మూడూ కలిపి నెలకి 597 రూపాయలు. ఇంకా చూడనివాళ్లు ఇవాళే ఒకసారి చూసుకోండి.

డైరీలో మొట్టమొదట రాసింది బూట్లు. 3,299. పొద్దున్నే బీచ్‌ రోడ్డులో బండ్లు రానివ్వని సమయంలో వాకింగ్ చేద్దామని, దానికి మంచి బూట్లుండాలని నా వాదన. తొమ్మిదో రోజున "రెండే మిగిలాయి" అని చూపించింది. గుండె దడ. ఆ రోజు ఆఫీసులో రెండుసార్లు బాత్రూములోకెళ్లి చూసుకున్నాను. పన్నెండో రోజున కూడా రెండే ఉన్నాయి. ఇరవయ్యో రోజున కూడా. ఆ రెండు జతలూ ఏ పాపం చేసుకున్నాయో.

అప్పుడే డైరీలో ఇంకో గడి గీశాను. ఆ వస్తువు లేక నిజంగా ఇబ్బంది పడ్డ ప్రతిసారీ అక్కడ ఒక గీత పెట్టాలి. నాకు ఈ మొత్తం పద్ధతిలో రోజులు లెక్కపెట్టడం కంటే ఎక్కువ పనికొచ్చింది ఈ గీతలే. బూట్ల గడిలో ముప్పై రోజులకి ఒక్క గీతా లేదు. ఎందుకంటే నేను వాకింగ్‌కి వెళ్లిందే నాలుగు రోజులు, అదీ పాత చెప్పులతో, బీచ్ దాకా బండి మీద వెళ్లి. సిగ్గేసి కొట్టేశాను. అదే నెలలో మా ఆవిడ రాయించిన మిక్సీ జారు గడిలో ఇరవై మూడు గీతలు పడ్డాయి. అడుగు నుంచి కారిపోయి చట్నీ రుబ్బిన ప్రతిసారీ గట్టు తుడవాల్సి వచ్చేది. ఏడు రోజుల గడువున్న సామాను అది. 850 రూపాయలు. ఏడో రోజునే కొనాల్సింది, నేను బూట్ల గొడవలో పడి పట్టించుకోలేదు. ఈ పొరపాటు ఇక్కడితో ఆగలేదు, తర్వాత చెబుతాను.

చిల్లర ఖర్చుకి వారానికి 500 నగదు తీసి జేబులో పెట్టుకోవడం కూడా మొదలుపెట్టాను. టీ, పునుగులు, ఆదివారం ఆర్కే బీచ్‌లో పాపకి మురీ మిక్చర్, అన్నీ అందులోంచే. ఫోనుతో కొడితే తెలీదు గానీ నోటు విరిస్తే తెలుస్తుందన్న మాట నిజమే. కానీ దీనికో తిరకాసు ఉంది. ఏటీఎంలో నెలకి ఉచితంగా ఇచ్చే లావాదేవీల్లో బ్యాలెన్సు చూసుకోవడం కూడా లెక్కే. నేను డబ్బు తీసే ముందు ఒకసారి, తీశాక ఒకసారి చూసుకునే రకం. మే ఒకటి నుంచి ఉచితం దాటితే ఒక్కోసారికి 23 రూపాయలు, దానిపై జీఎస్టీ. ఆ నెల రెండుసార్లు కలిపి 54 రూపాయలు పోయింది. రెండు పూటల టిఫిను డబ్బులు. జూన్ నుంచి నెల మొదట్లో ఒకేసారి రెండు వేలు తీసి, నాలుగు కవర్లలో పెట్టి మా ఆవిడకిచ్చి వారానికొకటి అడిగి తీసుకుంటున్నాను.

ఆఫీసులో ఇంకో రకం. శుక్రవారం బిర్యానీ తెప్పించుకునే అలవాటు. రెండు వారాలు నేను క్యారేజీ తెచ్చుకునేసరికి పక్క సీటాయన గొంతు తగ్గించి, "ఏటి గురూ, ఏదైనా ఇబ్బందా? అవసరమైతే చెప్పు, మొహమాటపడకు" అన్నాడు. ఇంకొకరు లోన్ యాప్‌లో ఇరుక్కున్నానేమో అనుకున్నారట. ఖర్చు తగ్గించుకుంటే అప్పులపాలయ్యాడని, ఖర్చు పెడితే సంపాదిస్తున్నాడని అనుకుంటారు మనవాళ్లు. మూడోవారం నుంచి నెలకి ఒక్క శుక్రవారం వాళ్లతో తింటున్నాను. దానికి డైరీ లేదు. మనుషులతో తినే తిండిని గడువు పెట్టి ఆపకూడదని నా అభిప్రాయం.

ఏప్రిల్లో అసలు పరీక్ష వచ్చింది. రెండు వచ్చాయి, పది రోజుల తేడాలో.

ఏప్రిల్ 20న ఏసీ మాట వచ్చింది. ఒకటిన్నర టన్ను, త్రీ స్టార్, షాపులో 38,490 చెప్పారు. వైజాగ్ ఉక్క తెలియనివాళ్లు కూలరు కొనుక్కోమంటారు. సముద్రపు గాలిలో ఉన్న తడికి ఇక్కడ కూలరు గదిని చల్లబరచదు, ఇంకాస్త జిడ్డు చేస్తుంది. పది వేలు దాటింది కాబట్టి తొంభై రోజులు. వేలు మడిచి లెక్కపెట్టి మా ఆవిడ, "జులై 19. అంటే వేసవి అయిపోయాక ఏసీ అన్నమాట. చాలా బాగుందండీ" అంది. నిజానికి పద్ధతి ఒక్కటే కాదు, చేతిలో డబ్బు కూడా లేదు. మళ్లీ ఈఎంఐ పెట్టనని ఒట్టు పెట్టుకున్నాను. పాత ఫోను ఈఎంఐ కాగితాలు తీసి చూస్తే, నో కాస్ట్, అంటే వడ్డీ భారం లేదు అన్న దానికే ప్రాసెసింగ్ ఫీజు 199, దానిపై జీఎస్టీ, ప్రతి నెలా వడ్డీ భాగంపై మళ్లీ 18 శాతం జీఎస్టీ వేసి, మొత్తం మీద ఎనిమిది వందల పైనే పట్టుకున్నారు. ఆ చిన్న అక్షరాలు నేను, అకౌంటెంటుని, చదవలేదు.

ఏసీ గడిలో మే నెలాఖరుకి నలభై ఒక్క గీతలు. పాపకి వీపంతా చెమటకాయలు. రాత్రుళ్లు డాబా మీద పడుకున్నాం. దోమతెర లోపల గాలాడదు, బయట దోమలు. ఓపికతో ఆగడం గొప్ప అని రాసేవాళ్లని ఒక్క రాత్రి మా డాబా మీద పడుకోబెట్టాలనిపించింది.

రెండోది బంగారం. ఏప్రిల్ 30 అక్షయ తృతీయ. మా ఆవిడ కుట్టుపని డబ్బులు పద్దెనిమిది వేలు దాచుకుంది, నన్ను ఇంకో పద్దెనిమిది అడిగింది. నాలుగు గ్రాముల కమ్మలకి. అప్పుడు 22 క్యారెట్లు గ్రాము తొమ్మిది వేలకి కాస్త అటూ ఇటూ ఉంది. నా దగ్గర పాప స్కూలు ఫీజుకి దాచినది తప్ప లేదు, కానీ నేను ఆ మాట చెప్పలేదు. "పది వేలు దాటింది కదా, తొంభై రోజులు" అని డైరీ చూపించాను. ఆమె వాదించలేదు. "రాయండి" అంది. రాశాను. జులై 29.

జులై 9న సింహాచలం గిరి ప్రదక్షిణకి వెళ్లాను. ఏటా వెళ్లేవాళ్లకి కొత్త కాదు గానీ నాకు మొదటిసారి. కొండ కింద మొదటి మెట్టు, తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి మొదలుపెడితే 32 కిలోమీటర్లు, చెప్పుల్లేకుండా. హనుమంతవాక మీదుగా దిగి, అప్పూఘర్ దగ్గర సముద్రంలో మునిగి, మళ్లీ ఊరి మధ్యలోంచి వెనక్కి. మార్చిలో 3,299 పెట్టి బూట్లు లేకపోతే నడవలేనన్న మనిషిని అని దారంతా గుర్తొచ్చి నవ్వుకున్నాను. అసలు చిక్కు మురళీనగర్ దగ్గర వచ్చింది. అరికాళ్లు బొబ్బలెక్కాయి, అక్కడి నుంచి మా ఇల్లు కూతవేటు దూరం. పక్క వీధిలోకి తిరిగితే పది నిమిషాల్లో మంచం. గుడికి ఇంకా గంటల నడక. రోడ్డు పక్కన ఎవరో మజ్జిగ పంచుతుంటే రెండు గ్లాసులు తాగి, ఇంటివైపు చూడకుండా నడిచాను. తెల్లవారాక ఇంటికొచ్చి మధ్యాహ్నం దాకా పడుకున్నాను.

ఇంత చేసినవాణ్ణి, నాలుగు రోజులు తిరక్కుండా పడిపోయాను. జులైలో ఒక పెద్ద ఆన్‌లైన్ సేలు. 13వ తేదీ రాత్రి, కాళ్లకి ఇంకా కొబ్బరి నూనె రాసుకుంటూ, లేచి పర్సు తెచ్చుకుని మరీ, పదహారు అంకెలూ కొట్టి, 4,499 పెట్టి చేతి గడియారం కొన్నాను. గంట తర్వాత నిద్ర పట్టలేదు. డబ్బు పోయినందుకు కాదు, దొంగతనం చేసినట్టుంది. వచ్చాక పెట్టె విప్పకుండా రిటర్న్ పెట్టాను. పట్టుకెళ్లే అబ్బాయి రెండుసార్లు "ఇంట్లో ఎవరూ లేరు" అని రాసుకుపోయాడు, మేము ఇంట్లోనే ఉన్నాం. మూడోసారి వచ్చాడు. డబ్బు వెనక్కి రావడానికి ఇంకో తొమ్మిది రోజులు పట్టింది. కొనడానికి నలభై సెకన్లు, వదిలించుకోవడానికి రెండు వారాల పైన.

ఈ గొడవలో జులై 29 వచ్చింది, వెళ్లిపోయింది. నేను డైరీ తెరవలేదు.

ఆగస్టులో ఫోను ఈఎంఐ అయిపోయింది. నెలకి 3,167 మిగిలింది. అది చేతిలో ఉంటే నిలవదని తెలిసి పోస్టాఫీసులో మూడు వేలకి ఆర్డీ (నెలనెలా కట్టే పొదుపు ఖాతా) తెరిచాను. వడ్డీ 6.7 శాతం, అయిదేళ్లు. చివరికి 2 లక్షల 14 వేలు వస్తుందని కౌంటర్లో ఆవిడే లెక్కగట్టి చెప్పారు. గంటా నలభై నిమిషాలు పట్టింది, అందులో గంట సర్వర్ రాక. ఫొటోలు రెండు, ఆధార్, పాన్ జిరాక్సులు పట్టుకెళ్లండి, పెన్ను కూడా. ఒక నెల కట్టకపోతే వందకి రూపాయి చొప్పున తప్పు కట్టాలి. మూడేళ్ల లోపు మూసే వీల్లేదు. జనానికి అది ఇబ్బందిగా అనిపిస్తుందేమో, నాకు మాత్రం నా నుంచి నా డబ్బుకి రక్షణలా అనిపించింది.

సెప్టెంబర్లో మా ఆవిడ చీటీ చేతికొచ్చింది. ఇరవై మంది, నెలకి రెండు వేలు, నలభై వేలు. "దీంతో ఏసీ కొందాం, నేను కొంటున్నాను" అంది, 'నేను' అన్న మాట కాస్త వత్తి. ఈలోగా ఏసీల మీద జీఎస్టీ 28 నుంచి 18కి తగ్గిస్తున్నారని వార్త, సెప్టెంబరు 22 నుంచి అమలు. 27వ తేదీ శనివారం వెళ్తే అదే ఏసీ 35,480. మూడు వేలు మిగిలాయి. నేను షాపులోనే, ఆగినందుకు చూశావా అన్నట్టు మొహం పెట్టాను. ప్రభుత్వం పన్ను తగ్గిస్తుందని ఏప్రిల్లో నాకేం తెలుసు? అది అదృష్టం. ఆ మొహం కూడా ఎక్కువసేపు నిలవలేదు. స్టాండు, అదనపు రాగి పైపు, కరెంటు పాయింటు కలిపి 2,900 అయ్యింది. ఓనరు గోడకి కన్నం పెట్టనిచ్చాడు. నా డ్రిల్లింగు మెషీనుకి ఇన్నాళ్లకి పని దొరికిందని బీరువా పైనుంచి దింపాను. వచ్చిన కుర్రాళ్లు వాళ్లది వాళ్లే తెచ్చుకున్నారు. నాది మళ్లీ పైకెక్కింది.

అక్టోబరు 18, ధనత్రయోదశి. సాయంత్రం ఇద్దరం జగదాంబ వైపు వెళ్లాం. గ్రాము పన్నెండు వేల దగ్గరుంది. ఏప్రిల్లో నాలుగు గ్రాములు వచ్చే ముప్పై ఆరు వేలకి ఇప్పుడు మూడు గ్రాములు. అదీ తరుగు, మజూరీ వేయకముందు. ఆమె కమ్మలు చూసి, చూసి, చిన్నవి తీసుకుంది. బండి మీద వచ్చేటప్పుడు వెనక నుంచి, అరవకుండా, అంది: "ధర పెరిగినందుకు కాదండీ. నన్ను తొంభై రోజులు ఆగమన్నారు. ఆగాను. జులై 29న మీరేదో అంటారని చూశాను. మీరు మర్చిపోయారు."

నేను ఏమీ అనలేకపోయాను. నా దగ్గర సమాధానం లేక కాదు, ఆ మాట నాకు ముందే తెలిసినది కావడం వల్ల.

2002లో నేను ఎనిమిదో తరగతి. నాన్న మిల్లులో పని. "బోనస్ రాగానే సైకిలు" అన్నారు. మా క్లాసులో అప్పటికే ఆరుగురికి సైకిళ్లున్నాయి. నేను అడగలేదు, ఆగాను. బోనస్ ఆలస్యంగా వచ్చింది. వచ్చాక నానమ్మ ఆపరేషన్‌కి పోయింది. నాన్న తప్పు లేదు, ఆయనకి అంతకంటే దారి లేదు. కానీ తర్వాతెప్పుడూ ఆ మాట ఎత్తలేదు, పోయిందని కూడా చెప్పలేదు. నేను మాత్రం చాలా రోజులు సాయంత్రం గేటు చప్పుడైతే లేచి చూసేవాణ్ణి. చేతికి జీతం వచ్చాక దేనికీ ఆగకపోవడం అక్కడి నుంచే మొదలైందో ఏమో.

దీపావళికి మా అక్క కూతురు వచ్చినప్పుడు ఇదంతా చెప్పాను. ఆంధ్రా యూనివర్సిటీలో సైకాలజీ చదువుతోంది. పిల్లల ముందు మిఠాయి పెట్టి, ఆగితే రెండోది ఇస్తామనే పరీక్ష గురించి నాకు తెలుసు, అందరూ చెబుతారు. మేనకోడలు ఇంకోటి చెప్పింది. 2013లో అచ్చయిన ఒక పరిశోధనలో, అమెరికాలో రోచెస్టర్‌లో సెలెస్ట్ కిడ్ అనే ఆవిడ, ఆవిడ తోటివాళ్లు ఆ పరీక్షనే కాస్త మార్చి చేశారట. ముందుగా కొందరు పిల్లలకి మంచి రంగులు తెచ్చిస్తామని చెప్పి తెచ్చిచ్చారు. ఇంకొందరికి తెస్తామని చెప్పి, లేవని ఉత్త చేతులతో వచ్చారు. ఆ తర్వాత మిఠాయి పెట్టారు. మాట నిలబెట్టుకున్న పెద్దవాళ్లని చూసిన పిల్లలు సగటున పన్నెండు నిమిషాలు ఆగారు, మాట తప్పినవాళ్లని చూసినవాళ్లు మూడు నిమిషాలు. "అంటే మావయ్యా, మూడు నిమిషాలకే తినేసినవాళ్లు తెలివితక్కువ వాళ్లేం కాదు" అంది. మా ఆవిడ అరిసెలు తెచ్చి మధ్యలో పెట్టింది. ఎవరూ ఆగలేదు.

ఆ రాత్రి డైరీలో గడువు తేదీలన్నీ తీసి గోడ క్యాలెండర్ మీద ఎర్ర పెన్నుతో రాశాను. ఫోను గుర్తుచేస్తుంది గానీ నేను దాన్ని నొక్కేసి పడుకుంటాను. గోడ మీదైతే ఇంట్లో అందరికీ కనబడుతుంది. ఇంకో మార్పు, మా ఆవిడ డబ్బుకి నా డైరీ వర్తించదు. బంగారం కూడా. "అది ఖర్చు కాదు, దాచుకోవడం" అని ఆమె ఏప్రిల్లోనే అంది, నేనే వినలేదు.

నవంబరు 14న పాప డైరీ అడిగి తీసుకుని, నేను రాసినవాటి కింద తన అక్షరాలతో "సైకిల్" అని రాసింది. తొమ్మిదేళ్లు దానికి. ధర తెలీదు కాబట్టి ఆ గడిలో సైకిలు బొమ్మ వేసింది. నేను 7 వేలు అనుకున్నాను, అంటే ముప్పై రోజులు చాలు. అది ఒప్పుకోలేదు. "పెద్దవాటికి తొంభై కదా" అంది. దానికి అది పెద్దది. సరేనని వేళ్ల మీద లెక్కపెట్టి క్యాలెండర్ మీద తేదీ రాద్దామంటే 2026ది ఇంకా రాలేదు. క్యాలెండర్ వెనకాల గోడ మీద పెన్సిలుతో రాసింది: ఫిబ్రవరి 12. ఓనరు చూడకుండా మళ్లీ క్యాలెండర్ తగిలించాం.

జనవరిలో పండక్కి మా అమ్మ వచ్చింది. పాప రోజూ క్యాలెండర్ ఎత్తి చూడటం చూసి, "ఏటది నాయనా, గోడ మీద?" అంది. చెప్పాను. కాసేపు ఏమీ అనలేదు. కొంగు అంచుకి కట్టుకున్న ముడి విప్పి అయిదు వందలు తీసి నా చేతిలో పెట్టి, "మీ నాన్నది ఇదీ కలుపు" అంది.

లెక్క చెప్పాలి కదా. మార్చి నుంచి జనవరి దాకా పదకొండు నెలల్లో డైరీలో యాభై ఎనిమిది వస్తువులు రాశాం. పందొమ్మిది కొన్నాం, ముప్పై అయిదు కొట్టేశాం, నాలుగింటికి ఇంకా గడువు ఉంది. ఏసీ, కమ్మలు పక్కన పెడితే నా షాపింగు 79 వేలు, ఫోను ఈఎంఐ తాలూకు ఆరు నెలలు కలిపే. ఇంకా ఎక్కువే. రాత్రి పదకొండుకి చేతులు ఇప్పటికీ ఊరుకోవు, కానీ ఇప్పుడు డైరీలో రాస్తే సగం తీరుతుంది. పాత పేపర్లతను ఫిబ్రవరి మొదట్లో వచ్చాడు. రెండున్నర కిలోలు. "యాపారం డల్లేటి బాబూ?" అన్నాడు.

ఫిబ్రవరి 12 గురువారం. ఆఫీసులో ఆ రోజే ఒక షిప్‌మెంట్ కాగితాల హడావిడి. పూట సెలవు అడిగితే కారణమేంటన్నారు, సైకిలు కొనాలన్నాను. నమ్మలేదు, అయినా ఇచ్చారు. మూడున్నరకి స్కూలు గేటు దగ్గర నిలబడ్డాను. పాప బయటికొచ్చి నన్ను చూసి పరిగెత్తలేదు. దగ్గరికొచ్చి, "మీకు గుర్తుందా!" అంది. గుర్తుండదని సగం సిద్ధపడి ఉందని నాకు అప్పుడు తెలిసింది.

కంచరపాలెంలో షాపు. ఊదా రంగుది, 6,400, నగదు. అమ్మమ్మ పంపింది, నానమ్మ ఇచ్చింది, నా కవర్లలో మిగిలింది కలిపి లెక్కపెట్టి ఇచ్చాను. కుర్రాడు టైర్లకి గాలి కొట్టి, సీటు దించి, "బెల్లు వేయమంటారా సార్? నూట ఇరవై" అన్నాడు. నాకు వేయించాలనే ఉంది, అయినా ఊరికే పాపని ఆట పట్టిద్దామని, "డైరీలో రాద్దామా?" అన్నాను.

అది నావైపు జాలిగా చూసింది. "నాన్నా, 500 లోపు అయితే ఆగక్కర్లేదు. మీరే రాశారు."